ఎ.డి. కార్డు లేని ఉత్తరం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా 2025 డిసెంబరు 17న మన సంఘం సమావేశంలో ఒక సభ్యులు చేసిన ప్రసంగ పాఠం. పలువురి కోరికపై ప్రచురిస్తున్నాము.)



పది రోజుల క్రితం కార్యదర్శి గారు ఫోను చేసి, "ఉన్నదాన్ని ఉన్నట్టుగా స్వీకరించడం, ఆశలు వదులుకోవడం అనే విషయం మీద ఈసారి మీరు పావుగంట మాట్లాడాలి" అన్నారు. "అయ్యా, నేను ముప్పై ఎనిమిదేళ్ళు ఆర్.ఎం.ఎస్.లో ఉత్తరాలు సార్టింగు చేసినవాణ్ణి, నాకు వేదాంతం ఏం తెలుసు? పైగా ఆశలు వదలలేక నానా అవస్థలు పడ్డవాణ్ణి" అన్నాను. "అయితే మీరే తగినవారు" అని ఫోను పెట్టేశారు. అది పొగడ్తో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేలలేదు.

ముందుగా ఒక మాట. ఈ విషయం ఈ రోజున ఎందుకు పెట్టారా అని కొందరు మిత్రులు గొణిగారు, నా చెవిన పడింది. వారి గొణుగుడులో న్యాయం ఉంది. ఈ రోజు నకారా గారి రోజు. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, తర్వాత రిటైరైనవారికి ఒక లెక్క అని ప్రభుత్వం గీత గీస్తే, ఆయన ఉన్నదాన్ని ఉన్నట్టుగా స్వీకరించి ఇంట్లో కూర్చోలేదు. సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ గీత చెల్లదని తీర్పు ఇచ్చింది. పెన్షను దయాదాక్షిణ్యం కాదనీ, చేసిన సేవకు హక్కుగా రావలసినదనీ తేల్చింది. మనం ఈ రోజు పండుగ చేసుకుంటున్నది ఒక మనిషి ఒప్పుకోకపోవడం వల్ల. కాబట్టి నేనేదో 'పోనీలే' వేదాంతం చెప్పబోతున్నానని అనుకోకండి. 2020 జనవరి నుంచి 2021 జూన్ వరకు ఆపేసిన పద్దెనిమిది నెలల కరువు భృతి బకాయిని నేనూ వదల్లేదు. దాని కోసం ధర్నా పెడితే గొడుగు పట్టుకుని నేనూ వస్తాను.

నేను చెప్పబోయేది రూలు ప్రకారం రావలసిన వాటి గురించి కాదు. ఏ రూలూ లేకుండా, అవతలివాడికి చెప్పకుండా, మన మనసులో మనమే శాంక్షను చేసుకున్న వాటి గురించి.

మనలో తపాలా వాళ్ళకి చెప్పనక్కరలేదు గాని, పక్క శాఖల వాళ్ళ కోసం చెబుతాను. ఉత్తరాలు రెండు రకాలు. మామూలు కార్డు డబ్బాలో వేస్తే వేసినట్టే. చేరిందా లేదా అని అడిగే హక్కు మనకి లేదు. రిజిస్టరు ఉత్తరానికి రసీదు ఉంటుంది. దానికి ఎ.డి. కార్డు జత చేస్తే, అందుకున్నవాడు సంతకం పెట్టి తీరాలి, ఆ సంతకం మన ఇంటికి తిరిగి రావాలి. రాకపోతే ఫిర్యాదు రాయవచ్చు. ఆ రిజిస్టరు పోస్టును ఈ 2025లోనే స్పీడ్ పోస్టులో కలిపేశారు. పేరు పోయిందని మనవాళ్ళం చాలామందిమి బాధపడ్డాం. మన బతుకు సగం ఆ పెట్టెలోనే గడిచింది కదా!

నా గొడవ ఏమిటంటే, నేను మా అబ్బాయికి పెట్టిందంతా ఎ.డి. కార్డు జతచేసి పెట్టాను. ఆ సంగతి వాడికి తెలియదు. చాలాకాలం నాకూ తెలియదు.

కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. 1972లో నేను సార్టర్‌గా చేరాను. ఆ ఏడే ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. ఊళ్ళ పేర్లు నోటికి నేర్చుకుని వచ్చినవాళ్ళం, అంకెలు మళ్ళీ నేర్చుకున్నాం. నడిచే రైల్లో, గూళ్ళ ముందు నిలబడి, ఒక చేత్తో కట్ట, ఒక చేత్తో విసరడం. ఆ పని నాకు ఇష్టమే. కానీ ఇన్‌స్పెక్టరు కావాలని ఉండేది. పరీక్ష మూడుసార్లు రాశాను, మూడుసార్లూ పోయింది. తర్వాత పదహారేళ్ళకి టి.బి.ఓ.పి. వచ్చింది, ఇరవై ఆరేళ్ళకి బి.సి.ఆర్. వచ్చింది. అవి తెలివికి ఇచ్చినవి కావు, తలనెరుపుకి ఇచ్చినవి. ఆ కొరత నాలో ఉండిపోయింది. మనలో ఉండిపోయిన కొరత ఎక్కడికీ పోదు. కొన్నాళ్ళకి అది పిల్లవాడి పేరు మీదకి బదిలీ అవుతుంది.

మా అబ్బాయి ఆఫీసరు కావాలి. ఇది నా నిర్ణయం. హైదరాబాదులో అశోక్‌నగర్‌లో గది తీయించి గ్రూప్స్ కోచింగు పెట్టించాను. రెండుసార్లు రాశాడు. మూడోసారి హాల్ టికెట్టు వచ్చినా వెళ్ళలేదు. 2004లో పూనాలో యంత్రాల విడిభాగాలు చేసే కంపెనీలో చేరాడు. నేను నాలుగు నెలలు వాడితో ముభావంగా ఉన్నాను. మా ఆవిడ మధ్యలో పోస్టుమాస్టరులా అటుమాట ఇటు, ఇటుమాట అటు చేరవేసేది, మధ్యలో ఘాటు మాటల్ని సెన్సారు చేసి.

2010 జూలై 31న రిటైరయ్యాను. పెన్షనులో నలభై శాతం కమ్యుటేషను చేసి, గ్రాట్యుటీ కూడా కలిపి, ఇంటి మీద అంతస్తు వేశాను. రెండు గదులు, హాలు, వంటిల్లు, బయట నుంచి మెట్లు. అబ్బాయి ఎప్పటికైనా వస్తాడు, కింద మేము పైన వాళ్ళు. గృహప్రవేశానికి వాడు రెండు రోజుల సెలవు పెట్టి వచ్చాడు. అంతా చూసి, "నన్ను అడిగి ఉంటే వద్దనేవాణ్ణి నాన్నా" అన్నాడు. మెల్లగానే అన్నాడు. "నా డబ్బుతో నా ఇంటి మీద కట్టుకోవడానికి నిన్నడగాలా?" అన్నాను. నిజానికి అడగవలసింది వాడినే. కట్టింది వాడి కోసమే కదా!

ఆ పై వాటా పన్నెండేళ్ళు తాళం వేసి ఉంచాను. అద్దెకు ఇవ్వలేదు. ప్రతి ఆదివారం నేనే పైకి వెళ్ళి తుడిచి వచ్చేవాణ్ణి. మా ఆవిడ "ఏమండీ, మనుషులు తిరగని ఇల్లు పాడైపోతుంది. ఎవరికైనా ఇవ్వండి, వాడొచ్చినప్పుడు ఖాళీ చేయిద్దాం" అనేది. నేను వినలేదు. అద్దెకిస్తే వాడు రాడని నేనే ఒప్పుకున్నట్టు అవుతుందని నా భయం. ఈ ముక్క ఇప్పుడు చెప్పగలుగుతున్నాను గాని, అప్పుడు 'అద్దెవాళ్ళు గోడలు పాడు చేస్తారు' అనే చెప్పాను.

2021 మే నెలలో మా ఆవిడ పోయింది. కరోనా రెండో విడత. ఆ నెల సంగతి ఈ హాల్లో చాలామందికి నేను చెప్పనక్కరలేదు. అమ్మాయి గుంటూరు నుంచి ఎలాగో వచ్చింది. పూనాలో అబ్బాయి, కోడలు, మనవడు ముగ్గురూ ఆ జబ్బుతోనే మంచం మీద ఉన్నారు. రాలేకపోయాడు. రాలేడని నాకు తెలుసు. అయినా, 'తల్లి కడసారి చూపుకి రాలేదు' అని నా లోపల ఒక రిజిస్టరు తెరిచి రాసుకున్నాను. ఏడాదిన్నర వాడు ఫోను చేస్తే 'ఊఁ', 'బాగున్నాను', 'తిన్నాను' ఇంతే నా జవాబు.

ఇక్కడ అమ్మాయి సంగతి ఒకటి చెప్పాలి. ఆడపిల్ల, అత్తవారింటికి వెళ్ళింది, దాని దగ్గర నేను ఏమీ ఆశించలేదు. అందుకని అది పండక్కి వచ్చి రెండు రోజులుంటే మహాభాగ్యం అనిపించేది. ఒక చొక్కా తెస్తే పదిమందికి చూపించేవాణ్ణి. అబ్బాయి నెల నెలా డబ్బు పంపేవాడు, నా కంటి ఆపరేషనుకి వచ్చి వారం ఉన్నాడు. అది నా లెక్కలో ఎక్కనే లేదు, వాడు చేయవలసిందేగా అని. ఇద్దరూ నాకు చేసింది ఇంచుమించు ఒకటే. ఒకరి ఖాతాలో జమ పడింది, ఇంకొకరి ఖాతాలో ఎప్పుడూ బాకీయే. ఇది అబ్బాయికే కాదు, అమ్మాయికీ అన్యాయమే. దాని దగ్గర ఏమీ ఆశించకపోవడం ప్రేమ వల్ల కాదు మరి.

2022 డిసెంబరులో అమ్మాయి పట్టుబట్టి నన్ను పూనా రైలెక్కించింది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అబ్బాయి తెల్లవారుజామున లేచి కంపెనీ బస్సుకి పోయేవాడు. నాలుగో రోజున నేనే తోచక, "ఇంతకీ అక్కడ నీ పనేమిట్రా?" అన్నాను. వాడు నా ముఖం వింతగా చూశాడు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం. ఆ ప్రశ్న నేను అడగడం అదే మొదటిసారి. అప్పటిదాకా 'ప్రైవేటు కంపెనీ' అనేవాణ్ణి, అంతటితో సరి.

సొరుగులోంచి వేలంత ఇనుపముక్క ఒకటి తీసి చూపించాడు. రోజూ అలాంటివి వందలు వాడి బల్ల మీదకి వస్తాయట. గేజి పెట్టి కొలిచి, సరిగ్గా ఉన్నది ఒక ట్రేలోకి, లేనిది ఒక ట్రేలోకి, మళ్ళీ సరిచేయదగ్గది మూడో ట్రేలోకి. ఇప్పుడు వాడి కింద ఆరుగురు కుర్రాళ్ళున్నారు, వాళ్ళకి నేర్పుతాడు. "వేలితో తాకితేనే తెలిసిపోతుంది నాన్నా, గేజి ఊరికే రుజువు కోసం" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మేము కూడా అంతే కదా, కవరు చేతికి తగలగానే ఏ గూట్లోకో చెయ్యి చెప్పేది, కళ్ళు తర్వాత చదివేవి. నా కొడుకు సార్టింగు చేస్తున్నాడు! వాడిని ఆఫీసరు గూట్లో వేయాలని పాతికేళ్ళు చూశాను గాని, కవరు మీద ఏం రాసుందో ఒక్కసారి చదవలేదు.

ఆ రాత్రి అన్నం తింటుంటే వాడే అడిగాడు. "నాన్నా, నా దగ్గర మీకు ఏం కావాలో చెప్పండి. చేయగలిగితే చేస్తాను. తెలియకుండా ఎన్నాళ్ళని ఇలా?" కోపంగా అడగలేదు. నేను చాలాసేపు ఆలోచించాను. డబ్బు అక్కర్లేదు. వైద్యం జరుగుతోంది. పూనా వచ్చి ఉండమంటే నేనే ఉండలేను. మరి ఏం కావాలి? నాకు కావలసింది ఇరవై ఏళ్ళ క్రితం నేను ఊహించుకున్న ఇంకో మనిషి. ఆ మాట కొడుకుతో ఎలా అనేది? "పెరుగు వెయ్యమను" అన్నాను. కోడలు పెరుగు వేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టక పడుకుంటే మా మేనమామ గుర్తొచ్చాడు. ఆయన గురించి చెప్పి ముగిస్తాను. అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, నాకు కనబడుతోంది.

మాది దివిసీమ. నాన్నకి రెండెకరాలు, అయిదుగురు పిల్లలం. అవనిగడ్డ హైస్కూల్లో, తర్వాత బందరు కాలేజీలో నన్ను చదివించింది మా మేనమామ. ఆయనది నాగాయలంక దగ్గర ఊరు. ఆయనకీ పెద్ద ఆస్తి లేదు. పరీక్ష ఫీజు కట్టవలసి వచ్చినప్పుడల్లా బందరు వచ్చి, ఇచ్చి, ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయేవాడు. ఉద్యోగం వచ్చాక నేను బెజవాడలో కాపురం పెట్టాను. పండక్కి వెళ్ళడం తగ్గింది, ఉత్తరం రాయడం ఇంకా తగ్గింది. రోజుకి వేల ఉత్తరాలు చేతుల్లోంచి పోయే మనిషికి ఒక కార్డు ముక్క రాయడానికి తీరిక లేదు! ఆయన మాత్రం ఎప్పుడు కలిసినా "సన్నబడ్డావేరా, రైల్లో నిద్ర ఉండదా?" అనేవాడు గాని, "ఉత్తరం రాయలేదేం" అని ఒక్కసారి అనలేదు.

1977 నవంబరులో, ఆరు నెలల తర్వాత, ఒక కార్డు రాశాను. సంక్రాంతికి వస్తున్నానని. 19వ తేదీ శనివారం రాత్రి ఉప్పెన వచ్చింది. దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకు పోయాయి. వేల మంది పోయారు. నేను అయిదు రోజుల తర్వాత గాని ఆ ఊరు చేరలేకపోయాను. చేరి చేసేదేమీ లేకపోయింది.

డిసెంబరులో ఒకనాడు దివిసీమ వైపు నుంచి తిరుగు టపా వచ్చింది. చిరునామాదారు దొరకని ఉత్తరాల మీద పోస్టుమాన్ రిమార్కు రాస్తాడు కదా: 'లెఫ్ట్', 'నాట్ నోన్', 'రెఫ్యూజ్డ్', 'అన్‌క్లెయిమ్డ్'. ఆ కట్టలో దాదాపు అన్నిటి మీదా ఒకటే మాట, 'డిసీజ్డ్'. ఒకే చేతిరాత. ఆ పోస్టుమాన్ అన్నిసార్లు ఆ మాట ఎలా రాశాడో. పంపినవారి ఊళ్ళ వారీగా వాటిని గూళ్ళలో వేస్తూ ఉంటే నా కార్డు నా చేతికే వచ్చింది. కింద నా చిరునామా ఉందిగా, వృత్తి అలవాటు. పక్కనున్న మిత్రుడు నా ముఖం చూసి కట్ట తాను తీసుకున్నాడు. ఆ మిత్రుడు ఈ మధ్యనే పోయారు, లేకపోతే ఈ సభలో ముందు వరుసలో ఉండేవారు.

ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. విచిత్రం ఏమిటంటే, మా మావయ్యని తలచుకుంటే నాకు దుఃఖం వస్తుంది గాని, గుండె మీద బరువు ఉండదు. ఆయన నాకు చేసింది చిన్నది కాదు. కానీ ఏ రోజూ నన్ను బాకీదారుగా చూడలేదు. చదువుకున్నాను, ఆయన సంతోషించాడు, అక్కడితో ఆయన లెక్క ముగిసింది. నేను పోయాక మా అబ్బాయి నన్ను తలచుకుంటే వాడి గుండె మీద ఏం ఉంటుంది? ఆ ప్రశ్న వచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లవారి వాడు బూట్లు వేసుకుంటుంటే వెళ్ళి, "ఆ పై వాటా అద్దెకిచ్చేస్తానురా" అన్నాను. వాడు తల ఎత్తకుండా, "మంచిది నాన్నా" అన్నాడు. ఇద్దరం ఇంకేం మాట్లాడలేదు. బస్సు వచ్చింది.

ఇంటికి వచ్చి తాళం తీసి, అద్దెకిచ్చే ముందు మేస్త్రిని పిలిపిస్తే వంటింటి ద్వారబంధానికి లోపలంతా చెదలు. పైకి రంగు నిగనిగలాడుతోంది, వేలితో నొక్కితే లోపలికి పోయింది. మా ఆవిడ మాటే నిజమైంది. బాగు చేయించి ఒక జంటకి ఇచ్చాను. ఆ కుర్రాడు ఏం చేస్తాడనుకున్నారు? కొరియర్ కంపెనీ! మన పొట్ట కొట్టినవాళ్ళు అని యూనియను మీటింగుల్లో ఎంత తిట్టాం! ఇప్పుడు మనవాడే. వాళ్ళకి మూడేళ్ళ పాప. పొద్దున్నే మెట్లు దిగి వచ్చి నా పేపరు చింపుతుంది.

నేను మారిపోయానని చెప్పను. అబ్బాయి ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఫోను చేస్తాడు. ఎనిమిదీ పది అయితే నా చెయ్యి ఇప్పటికీ ఆ పాత రిజిస్టరు కోసం వెతుకుతుంది. ఒక్కోసారి రాసేస్తాను కూడా. తర్వాత కొట్టేస్తాను. మొన్న నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఫోనులోనే ముఖం చూపించి ఇవ్వడం ఎలాగో వాడే వీడియోలో నేర్పించాడు. "కళ్ళు ఆర్పండి నాన్నా, ఇంకోసారి, ఇంకోసారి" అని. బతికి ఉన్నట్టు రుజువు చేసుకోవడానికి నాలుగుసార్లు కళ్ళు ఆర్పాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

కమ్యుటేషను కోతకి పదిహేనేళ్ళు నిండాయి. ఈ ఏడు నా నలభై శాతం నాకు తిరిగి వచ్చింది. ఇంకా రానివాళ్ళు తేదీ చూసుకోండి, పునరుద్ధరణ దానంతటదే జరగకపోతే పెన్షనిచ్చే బ్యాంకుకో పోస్టాఫీసుకో అర్జీ పెట్టండి, అది మీ హక్కు. నాకు వచ్చిందని అబ్బాయికి చెబితే, "ఆ డబ్బు ఏం చేస్తారు నాన్నా?" అన్నాడు. మెట్లకి రెయిలింగు పెట్టిస్తున్నానని చెప్పాను. అప్పట్లో డబ్బు చాలక వదిలేసిన పని. పైవాళ్ళ పాప పరుగెత్తుకుంటూ దిగుతుంది, నాకు కింద గుండె ఆగుతుంది. "కమ్మీల మధ్య ఎంత ఎడం పెడుతున్నారు?" అని వాడు వెంటనే అడిగాడు. కొలతల మనిషి కదా. నాలుగంగుళాలు దాటకూడదట, పిల్లల తల పడుతుందట. కాగితం మీద బొమ్మ గీసి ఫోనులో పంపించాడు. వెల్డింగు అతనికి అదే ఇచ్చాను. ఎల్లుండి వచ్చి బిగిస్తానన్నాడు.